ఇరవయ్యో ఒకటి

విజయనగరం,
9 సెప్టెంబరు 2015.

తులసికి,

ఆ రోజు నీ కాగితం మీద ఇరవై ఒకట్లు ఎందుకున్నాయి?

ముప్పై ఒక్క ఏళ్ళుగా ఈ ప్రశ్న నాతోనే తిరుగుతోంది. నాన్న బోర్డు మీద రాసినవి పందొమ్మిది. నీ కాగితం మీద ఉన్నవి ఇరవై. ఉత్తరం ఇలా మొదలుపెట్టకూడదని తెలుసు. క్షేమసమాచారాలతో మొదలుపెట్టి మూడు కాగితాలు చింపేశాను. అడగకుండా మిగతాది రాయలేనని అర్థమయింది.

నేను జగదీశ్వరిని. భావనారాయణ మాస్టారి అమ్మాయిని. పదో తరగతిలో నీ పక్కన కూర్చున్నదాన్ని. ఇప్పుడు ఇక్కడ డిగ్రీ కాలేజీలో లెక్కలు చెబుతున్నాను. నీ చిరునామా మా కాలేజీ రిజిస్టరులో దొరికింది. అది ఎందుకు వెతకాల్సి వచ్చిందో చెప్పడానికే ఈ ఉత్తరం.

ఏటా కొత్త పిల్లలకు ప్రధాన సంఖ్యలు చెప్పేటప్పుడు నేనొక కథ చెబుతాను. ఒకటీ, తనూ తప్ప మరే సంఖ్యా భాగించలేనివి. నాన్న వాటిని 'విరగని సంఖ్యలు' అనేవారు, గుర్తుందా? బోర్డు మీద పందొమ్మిది ఒకట్లు వరసగా రాస్తాను.

1111111111111111111

"ఇది విరుగుతుందా?" అని అడుగుతాను. "మా బడికి సముద్రపొడ్డు నుంచి వచ్చే అమ్మాయి ఒకర్తె దీన్ని పదకొండుతో టక్కున విరగ్గొట్టేసింది" అంటాను. పిల్లలు నోళ్ళు తెరుస్తారు. "ఎలాగంటే, ఆమె చేపల బుట్టలోంచి ఒక ఒకటి జారి లెక్కలో పడింది" అంటాను. క్లాసంతా నవ్వుతుంది. లెక్కించేటప్పుడు జాగ్రత్తగా ఉండాలని నీతి చెప్పి పాఠంలోకి వెళ్తాను. పదిహేనేళ్ళుగా ఇదే కథ. ఏ ఏడూ నవ్వు తప్పలేదు.

ఆగస్టు ఇరవై అయిదున చివరి బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి నిలబడింది. ఆమె నవ్వలేదు.

"ఆ అమ్మాయి పేరేటి మేడమ్?"

"తులసి" అన్నాను, ఇంకా నవ్వుతూనే.

"ఇప్పుడేటి సేస్తన్నాది?"

"తెలీదమ్మా. చేపలమ్ముకుంటూ ఉంటుంది."

మళ్ళీ నవ్వారు. ఆ అమ్మాయి కూర్చుంది. మర్నాటి నుంచి రాలేదు. వారం తర్వాత హాజరు పట్టీ చూస్తూ ఎందుకో రిజిస్టరు తీశాను. పేరు భారతి. తల్లి తులసి. ఊరు దిబ్బలపాలెం, భోగాపురం మీదుగా. హాస్టలుకు వెళ్తే పెట్టె సర్దుకుని వెళ్ళిపోయిందన్నారు.

నీకు చెప్పాల్సింది ఇదీ. అక్టోబరు పదిహేను దాటితే భారతికి హాజరు సరిపోదు. మొదటి సెమిస్టరు పరీక్షకు కూర్చోనివ్వరు. తర్వాత చాలామంది వెనక్కి రారు. రెండు నెలల్లో చూశాను, అందరి పెన్నులూ కదలకముందే జవాబు ఎటుందో చూసే పిల్ల అది. పంపు. క్షమించమని ఎలా అడగాలో నాకు తెలియదు. రిజిస్టరులో ఉన్న నంబరుకు మూడుసార్లు ఫోన్ చేశాను, ఎవరూ ఎత్తలేదు.

జగదీశ్వరి


దిబ్బలపాలెం,
20 సెప్టెంబరు 2015.

గౌరవనీయులైన లెక్కల మేడమ్ గారికి,

మీ ఉత్తరం అందింది. మీరు ఫోన్ చేసినప్పుడు ఇంట్లో మనిషి లేక కాదు, నేనే ఎత్తలేదు. ఫోన్లో అయితే మీరు చెబుతారు, నేను వింటాను. కాగితం మీదయితే ఇద్దరిదీ ఒకే బెంచీ. పదో తరగతి పాసయినాను, రాయడం వచ్చు.

మీరు మీ పిల్లలకు సరిగ్గానే చెప్పారు. చేపలే అమ్ముకుంటున్నాను. పచ్చివి పోగా మిగిలినవి ఎండబెట్టి బొబ్బిలి దాకా పంపుతాను. దానికి సిగ్గేమీ లేదు.

భారతి వచ్చిన రెండు రోజులూ పెట్టె విప్పలేదు. మూడో రోజు ఇసకలో నెత్తళ్ళ చేపలు ఆరేస్తుంటే పక్కన కూచుని అడిగింది. "అమ్మా, పందొమ్మిది ఒకట్లంటే ఏటి?"

"నీకెవరు సెప్పినారే?"

"నిన్ను సూసి అందరూ నవ్వినారంట కదా."

"ఎవులు సెప్పినారని అడుగుతన్నాను."

"నవ్వించిన ఆమే సెప్పినాది."

వెళ్ళమనే చెబుతున్నాను. మా ఆయన పోతురాజు కూడా చెప్పాడు, అరిచాడు. వినడం లేదు. "నువ్వు ఎవరి కూతురివో ఆళ్ళకి తెల్దు కదే, ఎల్లు" అన్నాను. "ఆళ్ళకి తెలవకపోతేటి, నాకు తెల్సు గదా. ఏటా ఆమె సెప్తాది, ఏటా ఆళ్ళు నవ్వుతారు. నాను ఆ బెంచీ మీదే కూకోవాల" అంది. దానికి జవాబు మీ దగ్గర ఉంటే రాయండి.

ఇక మీరడిగిన ప్రశ్న. ఇరవై ఎందుకున్నాయని నన్ను అడుగుతున్నారు. ఆ రోజు నేను వచ్చేసరికి బోర్డు తుడిచేశారు. చీటీ మీద ఆ ఒకట్లు రాసిచ్చింది మీరే. మీ ఉత్తరంలో ఆ మాట ఎక్కడా లేదు. మరిచిపోయి ఉంటారు. పెద్ద చదువులు కదా.

ఇట్లు,
తులసి, చేపల బుట్ట


విజయనగరం,
27 సెప్టెంబరు 2015.

తులసీ,

'మీరు' అని రాశావు. నాకు తగలాల్సిందే.

మరిచిపోలేదు. మరిచిపోగలిగి ఉంటే ఈ ఏళ్ళన్నీ హాయిగా గడిచేవి. రాయలేదు, అంతే.

నాన్న ఏటా ఫిబ్రవరిలో పదో తరగతికి ఒక పెద్ద లెక్క పెట్టేవారు. వారం గడువు. గెలిచిన ఒక్కరికి విజయనగరంలో ఇంటరు సీటు కోసం, హాస్టలు కోసం తన పేరు మీద ఉత్తరం రాసిచ్చేవారు. ఏడాదికి ఒకటే ఉత్తరం. ఆ ఉత్తరం కావలసినవాళ్ళం మనిద్దరమే. ఆ శుక్రవారం నువ్వు పొద్దున్నే మీ అమ్మతో బుట్టలు దించి వచ్చేసరికి రెండో గంట కొట్టేశారు. "ఓలే, ఏటి రాసినారు మీ నాన్న? కాస్త రాసియ్యవా" అన్నావు. నోటు పుస్తకంలోంచి చీటీ చింపి రాసిచ్చాను.

ఆ రాస్తున్న చెయ్యి ఇప్పటికీ కళ్ళకు కడుతుంది. ఒకటి, పక్కన ఒకటి, పక్కన మళ్ళీ ఒకటి. వేరే అంకెలయితే చెయ్యి ఎక్కడో తెలుసుకుని ఆగుతుంది. ఒకట్లకు ఆగే చోటు ఉండదు. చివర ఒక గీత ఎక్కువ పడిందని నాకు అనిపించిందా? అనిపించినా కొట్టెయ్యకుండా నీ చేతికిచ్చానా? లేక నీ కాగితంలో ఇరవై చూశాక, ఆ జ్ఞాపకాన్ని నేనే తర్వాత అల్లుకున్నానా? ఎన్నిసార్లు తవ్వుకున్నా ఒక రోజు ఒకలా, ఇంకో రోజు ఇంకోలా కనిపిస్తుంది. కావాలని చెయ్యలేదని ఒట్టేసి చెప్పలేను. చేశాననీ చెప్పలేను.

ఇంకొకటి ఉంది. దీంట్లో అనుమానమేమీ లేదు. నాన్న బీరువాలో నల్లట్ట నోటు పుస్తకం ఉండేది. లెక్క బోర్డు మీద పెట్టడానికి రెండు రోజుల ముందు అందులో చూశాను. 'పందొమ్మిది ఒకట్లు, విరగదు' అని ఉంది. నా జవాబు కాగితంలో రాసింది ఆ ఒక్క మాటే, విరగదు. నాన్న దాన్ని నా తెలివి అనుకుని ఉత్తరం నాకే రాసిచ్చారు. ఎలా అనుకున్నారో! ఆ సంఖ్యను ఒక్కొక్క సంఖ్యతో భాగించి చూడాలంటే నూట అయిదు కోట్ల దాకా వెళ్ళాలి. సెకనుకొకటి చొప్పున, తిండీ నిద్రా మాని చేసినా ముప్పై మూడేళ్ళు దాటుతుంది. మనం మాట్లాడుకోక ముప్పై ఒకటి. నేను వారంలో తేల్చేశాను! ఆయనకు అనుమానం వచ్చిందేమో. వచ్చినా అడగలేదు. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది.

నువ్వు మాత్రం జవాబుతో పాటు దారి కూడా రాశావు. నాన్న నీ కాగితం మీది గీతలు లెక్కపెట్టి, "చేపల బుట్టలోంచి ఒకటి జారిందే తులసీ" అన్నారు. ఆ మాట ఆయనది. ఆయన ఒక్కసారే అన్నారు. నేను పదిహేనేళ్ళు అన్నాను. ఎందుకన్నానో ఈ పది రోజులుగా ఆలోచిస్తున్నాను. అందరూ కలిసి నవ్వితే అది నా తప్పు కాకుండా ఒక తమాషా అయిపోతుందని కాబోలు.

ఈ ఉత్తరం భారతికి చూపించు. నా క్లాసుకు రానక్కరలేదు. రెండో సెక్షనుకు ఉదయభాస్కర్ గారు చెబుతారు, నేనే మార్పిస్తాను. కాలేజీకి మాత్రం రానీ. ఇంక పద్దెనిమిది రోజులే ఉన్నాయి.

జగదీశ్వరి


దిబ్బలపాలెం,
8 అక్టోబరు 2015.

ఓలే జగదా,

నీ ఉత్తరం రెండుసార్లు సదివినాను. ఒకసారి కోపంతోటి, ఒకసారి నవ్వుతోటి. కోపం నోటు పుస్తకానికి. దొంగముఖమా, నాను వారం రోజులు ఇసకలో గీతలు గీసుకుని కూకుంటే, నువ్వు బీరువా తీసి సూసేసినావా! ఇన్నాళ్ళూ నువ్వు నాకంటే తెలివైనదానివని అనుకుని బతికినాను. ఆ ఏళ్ళు ఎవులిస్తారు?

నవ్వు మిగతాదానికి. సరిగ్గా ఇను.

నీ చీటీలో పందొమ్మిదే ఉన్నాయి. నువ్విచ్చినప్పుడే లెక్కెట్టుకున్నాను. ఇంటికెల్లేసరికి ఆ చీటీ బుట్టలో తడిసి ముద్దయిపోనాది. ఎన్నో మాత్రం బుర్రలో ఉన్నాది, పందొమ్మిదని. మళ్ళీ రాసుకున్నాను. ఎలాగ రాసినాను? మాయమ్మ సేపలు లెక్కెట్టినట్టు రాసినాను. మాయమ్మ గురమ్మ సంగతి నీకు తెల్సు గదా, మొదటి సేప తీసి 'లాభం' అంటాది. గంగమ్మ తల్లిని తల్సుకుని పక్కన పెడతాది. దాన్ని లెక్కలో కలపదు. దాని తర్వాతదే ఒకటి. పుట్టినకాణ్ణించి సెవిలో పడిన లెక్క అది, నా సెయ్యి కూడా అలాగే ఎల్లిపోనాది. మొదటి గీత లాభం. ఆ తర్వాత ఒకటి, రెండు, మూడు అనుకుంటా పందొమ్మిది దాకా. మాస్టారు ఆఖరి గీత సుట్టూ ఎర్ర సున్నా సుట్టినారు. ఎక్కువైనాది ఆఖరిది కాదే, మొదటిది.

ఆ రోజే సెప్దామని నోటి దాకా వచ్చినాది. కానీ అందరూ పడీపడీ నవ్వుతన్నారు. ఆ నవ్వులోకి గంగమ్మ తల్లిని ఎందుకు లాగడమని ఊరుకున్నాను.

అందుకని నీ సెయ్యి సుబ్బరంగా ఉన్నాది. ఇంక తవ్వుకోకు. ఆ సీటు ఉత్తరం గురించి కూడా బెంగెట్టుకోకు. ఆ ఏప్రిల్లోనే మా అయ్య తెప్ప తిరగబడి కాలు ఇరిగింది. బుట్ట నానెత్తుకోవాల్సి వచ్చినాది. మాస్టారు నాకే రాసిచ్చినా, దాంట్లో ఎండుసేపలు సుట్టుకునేదాన్ని. అది సముద్రం సేసిన పని, నువ్వు సేసింది కాదు.

నవ్వు మాత్రం నొప్పెట్టినాది. అప్పుడూ, మొన్నా. అది నువ్వు సేసినదే. దానికి మాఫీ లేదు.

నీ ఉత్తరం భారతికిచ్చినాను. సదివి, "నిజమే రాసినాదా అమ్మా?" అంది.

"రాసినాదే."

"మరి క్లాసులో ఎందుకు సెప్పలేదు?"

"క్లాసులో ఎవులైనా అడగాల కదే."

"నానడిగినాను గదా, పేరేటని!"

దానికి నువ్వే జవాబు సెప్పుకో. సోమవారం పొద్దున్న బస్సుకి వస్తాది. సెక్షను మార్చొద్దంట. నీ క్లాసులోనే, మొదటి బెంచీలో కూకుంటాదంట. ఒక షరతు మాత్రం పెట్టినాది. ఆ కథ ఇంకొక్కసారి సెప్పాల. ఈసారి అది సెప్తాది, నువ్వు బెంచీ మీద కూకుని ఇనాల. ఒప్పుకుంటావా?

నీ
తులసి

కాగితం ఎండుసేపల వాసనేస్తే ఏటీ అనుకోకు, ఈ పెన్నుతోనే మూటల మీద ఊర్ల పేర్లు రాస్తాను.


విజయనగరం,
23 డిసెంబరు 2015.

తులసీ,

భారతి వచ్చిన రోజు రాసిన నాలుగు ముక్కల కార్డు తప్ప నీకేమీ రాయలేదు. పరీక్షలు అయ్యేదాకా ఆగాను. బాగా రాసింది. నిన్న గణిత దినోత్సవం. నీ కూతురు షరతు తీర్చుకుంది. అది చెప్పకుండా నాకు ఈ రోజు ఇంకో పని జరిగేలా లేదు.

సభకు నెత్తళ్ళ పొట్లం పట్టుకొచ్చింది! బల్ల మీద వార్తాపత్రిక పరిచి పొట్లం విప్పింది. ముందు వరసలో ప్రిన్సిపాల్ గారు జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఇది లెక్కల సభా, సంతా?" అన్నారు.

"రెండూనండి" అంది.

ఇరవై చేపలు పేర్చింది. "ఒక్కో సేపా ఒక ఒకటి అనుకోండి. ఇవి ఇరవై ఒకట్లున్న సంఖ్య." రెండేసి చొప్పున జతలు పెట్టింది. పది జతలు. "ఒక్కో జతా పదకొండు. ఏ జతా ఖాళీ లేదు, ఏదీ మిగల్లేదు. అందుకని పదకొండు దీన్ని విరగ్గొడతాది." భాగహారం చేసి బోర్డు మీద రాసింది: 1010101010101010101. తర్వాత అయిదేసి చొప్పున నాలుగు వరసలు. "ఇప్పుడు ఒక్కో వరసా పదకొండువేల నూట పదకొండు. అదీ విరగ్గొడతాది. సేపలు ఎన్ని రకాలుగా సమానం వరసల్లో కుదిరితే, సంఖ్య అన్ని రకాలుగానూ ఇరుగుతాది. దీన్ని మాయమ్మ పదో తరగతిలో కనిపెట్టినాది. మాయమ్మ పేరు తులసి."

ఎవరూ నవ్వలేదు. నేను రెండో బెంచీలో కూర్చుని ఉన్నాను.

తర్వాత మొదటి చేపను తీసి పక్కన పెట్టింది. "ఇది గంగమ్మ తల్లిది. లాభం." నువ్వు రాసిందంతా చెప్పింది. మిగిలిన పందొమ్మిదిని రెండేసి పెడితే ఒకటి మిగిలింది. మూడేసి పెట్టినా ఒకటి. నాలుగేసి పెడితే మూడు, అయిదేసి పెడితే నాలుగు. "ఏ వరసకీ లొంగవు."

ఉదయభాస్కర్ గారి సంగతి నీకు తెలియదు, ఎవరికైనా గొయ్యి తవ్వి అంచున నిలబడే మనిషి. "అంటే వరస కుదరకపోతే సంఖ్య విరగదన్నమాటేగా అమ్మా?" అన్నారు తియ్యగా. ఆ గోతిలో ఏటా సగం క్లాసు పడుతుంది.

భారతి ఎనిమిది చేపలు తీసేసింది. "పదకొండు సేపలు కూడా ఏ వరసకీ కుదరవు సార్. కానీ పదకొండు ఒకట్లు ఇరుగుతాయి." బోర్డు మీద రాసింది: 21649 × 513239. ఉదయభాస్కర్ గారు ఫోన్‌లో లెక్కను నమ్మరు. కాగితం తీసి చేత్తో హెచ్చవేయడం మొదలుపెట్టారు. సభంతా ఆయన పెన్ను వంకే చూస్తూ కూర్చుంది. చివరికి తలెత్తి, "పదకొండు ఒకట్లే వచ్చాయి" అన్నారు, ఎవరో తన జేబు కొట్టేసినట్టు.

"వరస కుదిరితే ఇరిగి తీరతాది. కుదరకపోతే ముందే సెప్పలేం సార్. సూడాల."

"మరి పందొమ్మిది ఒకట్లు విరగవని ఎవరు చూశారు?"

"లెక్కల పెద్దలు ఎప్పుడో సూసినారంట. నాను సూడలేదు." నా వైపు తిరిగింది. "మేడమ్ కూడా సూడలేదు."

అప్పుడు నవ్వారు తులసీ. సభంతా, ప్రిన్సిపాల్ గారితో సహా, నన్ను చూసి నవ్వారు. నేను లేచి నిలబడి నల్లట్ట పుస్తకం సంగతి చెప్పాను. బీరువా తీసిన సంగతి, ఒక్క మాట జవాబు రాసిన సంగతి, పదిహేనేళ్ళు ఎవరి మీద నవ్వించానో ఆ సంగతి. నవ్వు ఆగిపోయింది. భారతి పొట్లం కట్టేసుకుంటూ, "కూకోండి మేడమ్" అంది. కూర్చున్నాను.

ఇంటికొచ్చి రెండు చెంబుల నీళ్ళు తాగాను. ఇంత తేలిగ్గా ఉంటుందని తెలిస్తే ఎప్పుడో చెప్పి ఉండేదాన్ని. అదీ అబద్ధమే. నీ కూతురు లేపకపోతే చెప్పి ఉండేదాన్ని కాదు.

జగద


దిబ్బలపాలెం,
5 జనవరి 2016.

ఓలే జగదా,

భారతి నాకు అంతా ఆడి సూపించినాది. నువ్వు బెంచీ మీద కూకున్నది, ఆ సారు పెన్ను పట్టుకుని గుటకలు మింగినది. మాయమ్మ పొట్ట పట్టుకుని నవ్వినాది. "నా సేపలు కాలేజీకి ఎల్లినాయా!" అని ఊరంతా సెప్పుకుంటన్నాది.

నాను నవ్వినాను, తర్వాత ఇంటెనక్కి ఎల్లి కూకున్నాను. 'మాయమ్మ కనిపెట్టినాది' అన్నాదంట కదా. ఆ మాట మాస్టారి నోట ఇందామని ఉండేది. పోనీలే. కూతురి నోట ఇన్నాను.

ఎప్పుడొస్తన్నావు? విజయనగరంలో ఎక్కితే భోగాపురంలో దిగాల. బస్సంతా ఇమానాశ్రయం కబుర్లే, సెవులు మూసుకుని రా. అక్కణ్ణించి ఆటో. పీతలు వండుతాను. మీ ఇంట్లో తినరని తెల్సు, నీకు పప్పు వండుతాను, వాసన మాత్రం సూసుకో.

తులసి


విజయనగరం,
3 ఫిబ్రవరి 2016.

తులసీ,

ఆదివారం మీ ఇంటి నుంచి వచ్చినప్పటి నుంచీ ఈ ఉత్తరం మనసులో రాస్తూనే ఉన్నాను. నీకు ఎదురుగా చెప్పలేకపోయినవి రెండున్నాయి. ఒకటి నీకిచ్చి వచ్చాను, రెండోది తెచ్చుకున్నాను.

ఇచ్చింది నీ జవాబు కాగితం. హుద్‌హుద్ తుపానుకి నాన్న పెట్టె తడిసింది. ఏడాదిగా ఎండబెట్టి కట్టలు కడుతూనే ఉన్నాను, జనవరిలో అది దొరికింది. అన్నం తిన్నాక దాన్ని నీ చేతిలో పెట్టేశాను. ఇరవై గీతలు. చివరిదాని చుట్టూ ఎర్ర సున్నా. కింద ఎర్ర సిరాలో నాన్న రాత, నాలుగే మాటలు: 'పద్ధతి సరి. సంఖ్య తప్పు.'

మొదటి రెండు మాటలు ఆయన పైకి ఎందుకు అనలేదో నాకు తెలియదు. నేను కూతుర్నని కాబోలు, నీది చేపల బుట్టని కాబోలు, గంట కొట్టేశారని కాబోలు. నువ్వు చదివి, కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుని, "మాస్టారు సూసినారన్నమాట" అన్నావు. ఆ మాట కోసమే వచ్చినట్టనిపించింది. గుండెల మీంచి ఏదో దించుకున్నాను. తిరుగు బస్సులో కిటికీ పక్కన నిద్రపోయాను, భోగాపురం దాటింది కూడా తెలియలేదు.

ఇక తెచ్చుకున్నది. నువ్వు పప్పు తిరగమోత పెడుతుంటే నేను ఇసకలోకి వెళ్ళాను. మీ అమ్మ వ్యాపారి ముందు వంజరాలు లెక్కపెట్టి వేస్తోంది. ఆ గొంతు అలాగే ఉంది. నిలబడి విన్నాను.

"లాభం... రెండు... మూడు... నాలుగు..."

మళ్ళీ ఇంకో బుట్ట. "లాభం... రెండు... మూడు..."

మొదటి చేప పక్కకు వెళ్ళలేదు. లాభం అంటే ఒకటే. లెక్కలో ఉంది.

వ్యాపారి వెళ్ళాక అడిగాను. "గురమ్మత్తా, ఎప్పుడూ ఇలాగే లెక్కపెడతావా? మొదటిదాన్ని పక్కన పెట్టవా?"

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "మేస్టారి పాపా, తల్లికి తీసే రోజున ఒకలాగ, యాపారి ముందు ఒకలాగ. ఏ లెక్కకి ఆ లెక్క."

"మరి తులసి చిన్నప్పుడు?"

"అదేటి గుర్తు! అప్పుడు తల్లికి ఎక్కువ తీసేవోళ్ళం. సేపలుండేవి. ఇంతకీ ఎందుకడుగుతన్నావు?"

అప్పుడే నువ్వు గుమ్మంలోకి వచ్చావు. మా మాటలు విన్నావో లేదో తెలియదు. "ఓలే, అన్నం సల్లారిపోతన్నాది, రా" అని కేకేసి వెంటనే లోపలికి తిరిగావు. నీ ముఖం నాకు కనిపించలేదు.

నీ కాగితం నీకిచ్చేముందు నేను ఎన్నిసార్లు చూశానో చెబితే నవ్వుతావు. మొదటి గీత మిగతావాటికి కొంచెం ఎడంగా ఉంది. నువ్వు చెప్పినట్టే, లాభాన్ని పక్కన పెట్టినట్టే. కానీ అక్కడే కాగితం తడిసి ఉబ్బి ఆరింది. సిరా జరిగిందేమో. నువ్వు మొదటిది ఎక్కువంటావు. నాన్న చివరిదాని చుట్టూ సున్నా చుట్టారు. నేను వాటి మధ్య కళ్ళు పెట్టుకుని వెతికాను. ఇరవై ఒకట్లలో ఎక్కువైనది ఏదో వాటిని చూసి ఎవరూ చెప్పలేరు. అన్నీ ఒకలాగే ఉంటాయి. చేతిరాత కూడా ఉండదు వాటికి. లెక్కపెట్టి చూడడానికి నా చీటీ కూడా మిగల్లేదు.

నిన్ను అడగొచ్చు. అడిగితే చెబుతావు, నీకు దాపరికం లేదు. కానీ నేను అడిగానంటే నువ్విచ్చిన మాటను తిరగేసి చూస్తున్నట్టే. అడగకపోతే, అది సులువుగా ఉందని పుచ్చుకున్నట్టే, బీరువాలో జవాబు పుచ్చుకున్నట్టు. భారతి అన్నది కదా, వరస కుదరకపోతే ముందే చెప్పలేం, చూడాలని. ఎక్కడ చూడాలో నాకు తెలియడం లేదు.

భారతికి మొదటి సెమిస్టరు లెక్కల్లో నూటికి తొంభై ఆరు వచ్చాయి. నిన్న సాయంత్రం బోర్డులో పెట్టారు. మిగిలిన నాలుగు ఎక్కడ పోయాయని వాదించడానికి అప్పుడే ఉదయభాస్కర్ గారి గదిలోకి వెళ్ళింది. ఇరవై మూడు ఒకట్లు కూడా విరగవని ఎక్కడో చదివిందట, ఎందుకు విరగవో నన్ను అడిగింది. తెలియదన్నాను. ఆ మాట క్లాసులో అనడం నాకు ఇదే మొదటిసారి. నోటికి బాగుంది.

శ్రీకూర్మం వెళ్దామన్నావు కదా, పరీక్షలు కాగానే మే నెలలో వెళ్దాం. ముగ్గురం.

నేను చాలా తేలిగ్గా ఉన్నాను తులసీ, ఇది నిజం. ఇంతకుముందు ఇంత బాగా నిద్ర పట్టేది కాదు. కానీ ఆ ఇరవయ్యో ఒకటి నీ చెయ్యి మీ అమ్మ లెక్కలో వేసినదో, నా చెయ్యి తెలిసే వేస్తే నువ్వు దాన్ని గంగమ్మ తల్లి పేరు మీద నీ బుట్టలో వేసుకున్నావో, ఎంత ఆలోచించినా నాకు తేలడం లేదు. నువ్వు చెప్పింది నిజమని నమ్మాలో, దయ అని తీసుకోవాలో, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

నీ
జగద